నీళ్ళకి రంగు రావాలి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది తాతగారు, నాయనమ్మ, అమ్మ, నాన్నగారు, నేను. తాతగారు సూర్యరాజు గారు హాల్లో చేపల ట్యాంకుకి ఎదురుగా పడక్కుర్చీలో ఉన్నారు. నాయనమ్మ లక్ష్మీనరసమ్మ గారు పూజగదిలో. మధ్యాహ్నం భోజనానికి భీమరాజు మామయ్యగారు వస్తున్నారని అమ్మ వంటింట్లో రొయ్యలు ఒలుస్తోంది. నాన్నగారు తెల్లారకుండానే చెరువుల మీదకి వెళ్ళారు, కాఫీ వేళకి వచ్చేస్తారు. నేను కీర్తిప్రియని, ఇంటర్ మొదటి సంవత్సరం. వీళ్ళు కాక ట్యాంకులో రెండు నారింజరంగు చేపలు, నాలుగు నత్తలు, రాళ్ళ మీద కోరల్స్. వాటిని ఎవరూ ఇంట్లోవాళ్ళ కింద లెక్కపెట్టరు. నేను పెడతాను.

నేను లేచి హాల్లోకి వచ్చేసరికి ట్యాంకులో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. పడుకోబోయే ముందు చూసినప్పుడు వెనక అద్దం మీది సన్నటి గీత కూడా కనిపించింది. ఇప్పుడు ముందున్న రాయే మసగ్గా ఉంది. చేపలు రెండూ పైకొచ్చి, నీళ్ళ అంచున నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. కోరల్స్ ఒక్కటీ విచ్చుకోలేదు.

ఆ కోరల్స్ గురించి చెప్పాలి. పగడాల జాతి సముద్ర జీవులు, గుండీల్లా గుండ్రంగా ఉంటాయి, మధ్యలో ఆకుపచ్చ, చుట్టూ ఎర్రటి అంచు. మెత్తని రకం. రాతిలా పెరిగే గట్టి రకం అమ్మకూడదని వీటిని అమ్మిన విశాఖపట్నం షాపతనే చెప్పాడట. తెచ్చినప్పుడు రాయికి ఓ మూలన గుప్పెడు కూడా లేవు. ఇప్పుడు సగం రాయి కమ్మేశాయి. పొద్దున్న లైటు వెలగగానే ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి. అది చూశాకే నేను కాలేజీ బస్సుకి వెళతాను. నాకు స్నేహితులు తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు నాకు బస్సు దిగాక తడుతుంది. ట్యాంకు దగ్గర ఆ ఇబ్బంది లేదు.

మాది భీమవరం వైపు, ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. తాతగారి చిన్నప్పుడు చుట్టూ వరి చేలట, ఇప్పుడు ఎటు చూసినా చెరువులే. మా ఇంట్లో అందరూ నీళ్ళ గురించే మాట్లాడతారు. ఫోనెత్తితే ముందు నీళ్ళెలా ఉన్నాయని అడిగి, తరవాత మనుషులెలా ఉన్నారని అడుగుతారు. పీహెచ్ ఎంత, క్షారం చూపే ఆల్కలినిటీ ఎంత, ఉప్పు చూపే సెలినిటీ ఎంత అన్నవి నాకు ఎక్కాలకంటే ముందు వచ్చాయి. చుట్టుపక్కల రైతులు గాలి అందక రొయ్య పైకి తేలిందంటే నాన్నగారికి ఫోన్ చేస్తారు. నాన్నగారికి తెలియకపోతే తాతగారిని కారులో ఎక్కించుకుపోతారు. ఆయన గట్టున కూర్చుని, చెయ్యి నీళ్ళలో ముంచి, వాసన చూసి చెబుతారు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమవుతుంది. అదే నా ఇబ్బంది. వీళ్ళకి నీళ్ళు తెలియకపోతే నా మాట ఎవరైనా వినేవారేమో.

ట్యాంకు నాన్నగారి సరదా. మేత కంపెనీ వాళ్ళు పెద్ద రైతులని బ్యాంకాక్ తీసుకెళ్ళినప్పుడు ఆయన అక్కడ ఓ పెద్ద అద్దాల ట్యాంకు చూసొచ్చారు. వచ్చీ రాగానే అలాంటిదే చిన్నది హాల్లో పెట్టించారు. మొదటిసారి నీళ్ళు పేరుపాలెం సముద్రం నుంచి డ్రమ్ముల్లో తెప్పించారు. అవి గోదావరి వరద రోజులు. నది నీరంతా అక్కడే కలుస్తోంది. తెచ్చిన నీళ్ళలో ఉప్పు సగమే ఉంది. నాన్నగారు మీటరు పెట్టి చూస్తే సెలినిటీ పద్దెనిమిది వచ్చింది. చెరువులో పది ఉంటేనే ఎక్కువనుకునే ఇల్లు మాది, పద్దెనిమిది అనేసరికి అందరూ సంతోషించారు. కోరల్స్‌కి ముప్పై అయిదు కావాలి. అప్పుడు వేసినవి వారం తిరక్కుండానే కరిగి ముద్దయిపోయాయి.

రెండోసారి ఉప్పు ప్యాకెట్లు తెప్పించి, వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లలో వచ్చే నీళ్ళలో కలపడం మొదలుపెట్టారు. ఉప్పుతోపాటు ఓ టెస్టు కిట్టు వచ్చింది. దాంట్లో కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను పదో తరగతి దాకా మా ఊరి హైస్కూల్లో చదివాను, ఆ కాగితం అర్థం చేసుకోవడానికి నాకు డిక్షనరీతో ఓ సాయంత్రం పట్టింది. అయినా ఇంట్లో ఆ మడత విప్పింది నేనొక్కదాన్నే. అలా ఆ పని నాకు వచ్చింది.

పని వచ్చింది గానీ మాట రాలేదు. ఆల్కలినిటీ చూడాలంటే చిన్న సీసాలో ట్యాంకు నీళ్ళు తీసుకుని, మందు చుక్కలు ఒక్కొక్కటే వెయ్యాలి. నీలం రంగు పసుపుగా మారేసరికి ఎన్ని చుక్కలు పడ్డాయో అది లెక్క. మాకు ఎనిమిది చుక్కలు పడతాయి, అది మంచి లెక్క. నేను ఎనిమిదని చెప్పిన మొదటిరోజు నాన్నగారు కంగారుపడి వంటసోడా డబ్బా తీశారు. చెరువుల్లో నూట యాభై లేకపోతే రొయ్య గుల్ల సరిగ్గా విడవదు, ఎనిమిదంటే చచ్చిన నీళ్ళే అన్నారు. ఆ కొలత వేరు, ఈ కొలత వేరని, ఈ ఎనిమిది అంటే ఆయన లెక్కలో దాదాపు నూట నలభై నాలుగని చెప్పాలి. నోటితో చెప్పలేక గుణకారం కాగితం మీద వేసి ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. చూసి తలూపారు. ఆ తరవాత ఎవరొచ్చినా, ఈ కిట్టు లెక్కని పద్దెనిమిదితో హెచ్చవెయ్యాలండి, చాలామందికి తెలీదు అని ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. నేనేమీ అనుకోలేదు. కొంచెం అనుకున్నాను, డైరీలో రాసుకున్నాను.

కానీ ఆయన ఇంకో మాట కూడా అన్నారు. ఈసారి కూడా నీళ్ళు పాడైతే మొత్తం తీయించేసి, మంచినీళ్ళు పోసి, ఎర్ర చేపలు వేయిస్తానన్నారు. ఊరందరికీ నీళ్ళ గురించి చెప్పే మనిషి ఇంట్లో నాలుగడుగుల అద్దం డబ్బా బాగుచేసుకోలేకపోతున్నాడని భీమరాజు మామయ్యగారు ఓ పెళ్ళిలో నలుగురి ముందూ అన్నారట. మామయ్యగారు నాన్నగారికి బావ వరస. భీమవరంలో ఆయనకి మేత, చెరువు మందుల షాపు ఉంది. ఆ మనిషి ఈ రోజు భోజనానికి వస్తున్నారు. ఈ రోజే నీళ్ళు ఇలా ఉన్నాయి.

ముందు కెరటాల పంపుని పైకి జరిపాను, నీళ్ళు పైన కదిలితే గాలి కలుస్తుందని. చేపలు కొంచెం నెమ్మదించాయి. పీహెచ్ చూస్తే ఏడు పాయింట్ ఆరు. ఎప్పుడూ ఎనిమిదికి పైనే ఉంటుంది. ఆల్కలినిటీకి మాత్రం ఎనిమిది చుక్కలే పడ్డాయి. అంటే లోపల ఏదో గాలిని తినేస్తోంది. నీళ్ళలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగాయి. అవి పెరగాలంటే వాటికెవరో తిండి పెట్టాలి. చేపలకి మేత వేసేది నేనే, చిటికెడు.

పెరటి వరండాలోకి వెళ్ళి నీలం డ్రమ్ములో ఆరు క్యాన్లు ఒంపి, ఉప్పు కొలిచి పోసి, చిన్న పంపు వేశాను. ఉప్పు పూర్తిగా కరిగి, నీళ్ళు తేటపడేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పుడు ట్యాంకులో సగం తీసేసి ఇవి పోస్తే చాలావరకు నిలబడతాయి. ఎక్కడ చదివినా అదే రాసుంది. ఇంకేమీ వెయ్యకూడదు. తీసి, పొయ్యాలి. అంతే.

తిరిగొచ్చి ట్యాంకు పక్కన నేల తుడుస్తుంటే స్టాండు వెనక స్టీలు చెంబు కనిపించింది. వాసన చూశాను. పులిసిన బెల్లం. అడుగున తౌడు అంటుకుని ఉంది.

ఆ వాసన మా ఊళ్ళో అందరికీ తెలుసు. చెరువు నీళ్ళు మరీ తేటగా ఉంటే బెల్లం, తౌడు కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి చల్లుతారు. రెండు రోజుల్లో నీళ్ళు రంగు తిరుగుతాయి, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో. ఆ రంగులోనే రొయ్య పిల్లకి తిండి ఉంటుంది. చెరువులో నీళ్ళు తేటగా ఉండడమంటే రైతుకి నిద్ర పట్టదు.

తాతగారు పేపరు మడిచి నా వైపే చూస్తున్నారు. చెంబు దొరికినందుకు ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. దాచిపెట్టిన వస్తువు కాదది ఆయనకి.

"ఇది మీరు పోసేరా తాతగారండీ?" అన్నాను.

"పోసేనమ్మా. నాలుగు రోజుల్నుంచీ గ్లాసుడు గ్లాసుడు పోస్తన్నాను, రంగు రావట్లేదు. భీమరాజు వస్తన్నాడు కదా, ఇవాళ తెల్లారగట్లే చెంబుడూ పోసేసేను. చూడు, తిరుగుతోంది."

"ఇది తిరగడం కాదండీ. ఇలా ఉండకూడదండి."

"తల్లీ, చెరువులో మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్ళు కనపడకూడదు. ఇందులో అయితే అవతలి గోడ మీద క్యాలెండరు కనపడతంది. పాపం అవేం తింటాయి? నువ్వు పొద్దున్నే లేచి వాటిని చూసుకుంటావు. అవి పోతే మళ్ళీ ఏడుస్తావని పోసేను."

ఏం చెప్పాలి. అక్కడ రొయ్యకి తిండి కావాలి, ఇక్కడ వీటికి వెలుతురు కావాలి. అక్కడ నీళ్ళని మేపాలి, ఇక్కడ నీళ్ళని పస్తు ఉంచాలి. క్యాలెండరు కనపడడమే ఇక్కడ ఆరోగ్యం. ఇవన్నీ నాకు తెలుసు, వరసగా తెలుసు. కానీ ఆయన నా కోసం చేశానంటున్నారు. చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు. మొన్నటి నుంచి అద్దానికి పడుతున్న గోధుమరంగు జిగురు ఎందుకో ఇప్పుడర్థమైంది. రోజూ కాలేజీ నుంచొచ్చి ఆ జిగురు గీకింది నేను. నన్ను చూసి, శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకమ్మా గీకుతావు అన్నది ఆయన.

అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ పేరు మంజుష, మెల్లగా మాట్లాడుతుంది, నాకు అదే వచ్చింది. విషయం చెప్పి, నువ్వు నాన్నగారితో అను అన్నాను. అమ్మ రొయ్యల గిన్నెలోంచి తలెత్తలేదు. ఇవాళ వద్దంది. చుట్టం ఇంటికొస్తున్న రోజు, మామగారు చేసిన తప్పు కోడలు ఎత్తి చూపిందని మీ నాయనమ్మ ఏడాది గుర్తుపెట్టుకుంటారంది. రేపు చెబుతానంది. రేపటికి అవి ఉండవన్నాను. అయితే నువ్వే చెప్పు అంది, విసుగ్గా కాదు, నేను చెప్పనని తెలిసి.

నాన్నగారు రాగానే ట్యాంకు చూసి చెప్పులు కూడా విడవలేదు. జేబులోంచి చెరువు కిట్టు తీసి పీహెచ్ చూశారు. ఏడు పాయింట్ ఆరు అని తనలో తను అనుకుని వెనక్కి వెళ్ళారు. పొద్దున్న పూట పీహెచ్ పడిపోతే చెరువులో ఏం వేస్తారో నాకు తెలుసు. మగ్గులో సున్నం కలుపుకుంటూ వచ్చారు.

వద్దండీ అన్నాను. నేనన్నది నాకే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అన్నాను. వద్దండీ నాన్నగారండీ, ఆల్కలినిటీ బాగానే ఉందండి, గాలి అందకే పీహెచ్ పడిందండి.

"మరి పెంచాలా వద్దా?" అన్నారు ఆయన.

"దానంతటదే పెరుగుతుందండి. సగం నీళ్ళు మారిస్తే చాలండి. వరండాలో కలిపేనండి."

"ఇప్పుడు హాలంతా తడి చేస్తావా? బావ వచ్చే వేళకి?" అని మగ్గు వంచారు.

బెల్లం నీళ్ళ మాట అప్పుడు చెప్పొచ్చు. తాతగారు మూడడుగుల దూరంలో ఉన్నారు. నాలిక మీదకొచ్చింది. మింగేశాను.

సున్నం పడిన చోట తెల్లటి పొగలా లేచింది. ఆ పొగ పంపు ముందుకొచ్చి ట్యాంకంతా తిరిగింది. కాసేపటికి రాళ్ళ మీద, కోరల్స్ మీద, నత్తల గుల్లల మీద సన్నటి తెల్లపొడి దిగడం మొదలైంది. నాన్నగారు స్నానానికి వెళ్ళాక నేను మళ్ళీ కిట్టు తీశాను. అయిదో చుక్కకే సీసా పసుపైంది. సున్నం వేస్తే పెరగాల్సింది తగ్గింది. ఎందుకు తగ్గిందో కూడా నాకు తెలుసు. ఒక్కసారిగా ఎక్కువ వేస్తే నీళ్ళలో ఉన్న సున్నమూ, ఆల్కలినిటీ రెండూ కలిసి పొడిగా కింద పడిపోతాయి. రాళ్ళ మీద పడుతున్నది అదే. నేను రోజూ చుక్క చుక్క లెక్కపెట్టి కాపాడింది కళ్ళెదుట మంచులా రాలుతోంది. కిట్టు సీసా నేలకేసి కొట్టాలనిపించింది. కడిగి బోర్లించాను.

భీమరాజు మామయ్యగారు వచ్చేసరికి నాన్నగారు తెల్ల చొక్కాలో గుమ్మం దగ్గర ఉన్నారు. మామయ్యగారు మంచి మనిషే, ఎప్పుడొచ్చినా నాకు పెన్ను తెస్తారు. పెన్ను ఇచ్చి, చదువు ఎలాగుందని అడిగి, జవాబు వినకుండానే ట్యాంకు వైపు తిరిగారు. వంగి అద్దంలోకి చూశారు.

"ఏంటి బావా, మజ్జిగ పోయించేవా?"

నాన్నగారు నవ్వారు. అది నవ్వు కాదని నాకు తెలుసు. నీళ్ళు రంగు తిరుగుతున్నాయని తాతగారు అన్నారు. అవునండి, తిరుగుతున్నాయి, సాయంత్రానికి పెరుగవుతాయి అన్నారు మామయ్యగారు. తాతగారు కూడా నవ్వేశారు. భోజనాలకి లేచారు.

మా ఇంట్లో చుట్టాలకి వడ్డించడమంటే పెద్ద పని. వద్దన్నాక కనీసం రెండుసార్లు వెయ్యాలి. అమ్మ రొయ్యల వేపుడు, నాయనమ్మ పులస పులుసు చూసుకుంటున్నారు, నేను నెయ్యి గిన్నె పట్టుకుని వెనక నిలబడ్డాను. అక్కణ్ణుంచి వరండా కనిపిస్తోంది. డ్రమ్ములో నీళ్ళు తేటపడ్డాయి, అడుగు కనిపిస్తోంది. వీళ్ళు తినేసి కబుర్లలో పడితే నేను మెల్లగా బకెట్టుతో తెచ్చి మార్చెయ్యొచ్చు అనుకున్నాను. హాలు తడవకుండా గోనెపట్టా వేస్తాను. ఎవరినీ ఏమీ అడక్కుండా చేసేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

వాళ్ళ మాటలు చెరువుల మీద నడిచి, రేట్ల మీద నడిచి, మళ్ళీ ట్యాంకు దగ్గరికి వచ్చాయి. మామయ్యగారు పరిష్కారం తేలిగ్గా తేల్చేశారు. నీళ్ళకి రోగం వచ్చింది, రోగం వచ్చిన నీళ్ళని రైతు ఏం చేస్తాడు, బ్లీచింగ్ కొట్టి చంపేసి మళ్ళీ మొదలుపెడతాడు. కారు డిక్కీలో బస్తా ఉంది. చేపల్ని తీసి టబ్బులో వేసుకుని, ఇప్పుడే వేసేస్తే రేపటికి రాళ్ళు మల్లెపువ్వుల్లా తెల్లగా వస్తాయి. ఆపైన మంచినీళ్ళు పోసుకుంటారో, ఉప్పునీళ్ళు పోసుకుంటారో మీ ఇష్టం అన్నారు.

నాన్నగారు ముద్ద కలుపుతూ ఆగి, అలాగే చేద్దాం అన్నారు. అంత తొందరగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. ఆ ట్యాంకు ఆయనకి ఇంకేమాత్రం కనపడకుండా పోతే బాగుండునని ఉన్నట్టుంది.

"ఇంతకీ ఏం చేసేరు బావా దీన్ని? పోయిన్నెల్లో ఫొటో పంపేవు, అద్దంలా ఉంది."

నాన్నగారు నా వైపు చూడలేదు. "అమ్మాయి ఏవో చుక్కలు వేసి టెస్టులు చేస్తా ఉంటుంది. ఆ మందేదో ట్యాంకులో పడుంటుంది. చిన్నపిల్ల కదా, చూసుకుని ఉండదు."

నెయ్యి గిన్నె నా చేతిలో వంగింది. చుక్కలు వేసేది సీసాలో. ఆ సీసా నీళ్ళు నేను ఎప్పుడూ ట్యాంకులో పొయ్యలేదు, సింకులో పోసి మూడుసార్లు కడుగుతాను. నాన్నగారు అది ఎన్నిసార్లు చూశారో.

అప్పుడు తాతగారు మాట్లాడారు. ఆయన చెంబు సంగతి చెబుతారనుకున్నాను.

"పోనీలెద్దూ. పిల్లనేమీ అనకండి. నేర్చుకునేటప్పుడు తప్పులొస్తాయి. మనకి రాలేదా?" అన్నారు. చాలా ప్రేమగా అన్నారు. నా వైపు చూసి కళ్ళతో నవ్వారు కూడా. ఆయన నన్ను క్షమించేశారు.

అంతవరకూ ఉన్న భయం ఎటు పోయిందో తెలియదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేనేమీ వెయ్యలేదండి. తాతగారు బెల్లం తౌడు నీళ్ళు పోసేరండి, రంగు రావాలని. నాలుగు రోజుల్నుంచీ. ఇవాళ చెంబుడు పోసేరు. నాన్నగారు సున్నం వేసేరు. అది ఎనిమిది ఉంటే అయిదుకి పడిపోయింది. నేను చెప్పేను, వద్దని. నేనేమీ వెయ్యలేదు."

నాయనమ్మ పులుసు గరిటె గిన్నెలోనే వదిలేశారు. మామయ్యగారు ఒకసారి నన్ను, ఒకసారి తాతగారిని చూసి, నవ్వాలో మానాలో తేలక మంచినీళ్ళ గ్లాసు ఎత్తారు. నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి. సున్నం మాట ఆయనకి తగిలింది, కానీ వాళ్ళ నాన్నగారి మాట చుట్టం ముందు అలా రావడం అంతకంటే ఎక్కువగా తగిలింది.

ఆగిపోతే బాగుండేది. కానీ ఇప్పుడు ఆగితే ఇంకెప్పటికీ చెప్పలేనని తెలుసు. బ్లీచింగ్ వద్దన్నాను. ఆ రాళ్ళ లోపల కూడా మంచి సూక్ష్మజీవులు బతికి ఉంటాయని, అవే నీళ్ళని కాపాడతాయని, బ్లీచింగ్ వేస్తే రాయి రాయిగానే మిగులుతుందని చెప్పాను. వరండాలో నీళ్ళు కలిపి ఉంచానని, సగం మారిస్తే సాయంత్రానికి చేపలు కిందకి దిగుతాయని, కోరల్స్ రెండు రోజుల్లో విచ్చుకుంటాయని చెప్పాను. విచ్చుకుంటాయో లేదో నాకు నిజంగా తెలియదు. అయినా చెప్పాను.

తాతగారు కంచంలో చెయ్యి కడుక్కోలేదు, ఎంగిలి చెయ్యి ఆరిపోతుంటే అలాగే కూర్చున్నారు.

"నా చేతికి నీళ్ళు తెలీవన్నమాట," అన్నారు, మామయ్యగారితో అన్నట్టుగా.

"అలా అనలేదండీ తాతగారండీ..."

"అనలేదు. అన్నదేంటో విన్నాను కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

నాన్నగారు లేచి, అమ్మాయి గారు మనకి నీళ్ళు నేర్పుతున్నారు బావా, పద, కానిద్దాం అన్నారు. మామయ్యగారు మెత్తగా, పోనీ ఓ పూట ఆగి చూద్దామా, పిల్ల అంతలా చెబుతోంది అన్నారు. ఇంట్లో ఆ మాట అన్నది ఆయనొక్కరే. నాన్నగారు వినిపించుకోలేదు. ఇప్పుడు ఆగితే నా మాట నెగ్గినట్టు, తాతగారి మాట పోయినట్టు. ఇక అక్కడ నీళ్ళ సంగతి లేదు. నేను నోరు తెరవకుండా ఉంటే ఒక పూట ఆగేవారేమో. మెల్లగా బకెట్లతో మార్చేసుకునేదాన్నేమో. తెరవకపోతే నా చుక్కల వల్లే పోయిందని ఎప్పటికీ ఉండిపోయేది. ఏది చేసినా చేతిలో పని చేతిలోనే పాడయ్యేది.

వాళ్ళు చేతులు కడుక్కుంటుంటే నేను వరండాలోకి పరుగెత్తాను. డ్రమ్ములో బకెట్టు ముంచాను. ముంచే ముందు మీటరు మీద ఓ చుక్క వేసి చూశాను, అలవాటుకొద్దీ. ముప్పై అయిదు. ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు. నిండు బకెట్టు రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా, మధ్యగది దాటి వచ్చాను. అమ్మ ఎదురొచ్చి నా మొహం చూసి పక్కకి తప్పుకుంది. ముందు రాయి ఒక్కటైనా తీసి ఈ బకెట్టులో పెట్టేస్తే చాలు. ఆ ఒక్క రాయి ఇమ్మంటే ఇస్తారు. ఎవరికి అక్కర ఉంటుంది దాంతో.

మధ్యగదిలోంచి హాల్లోకి తలుపు తెరిచే ఉంది. మామయ్యగారి కారు డ్రైవరు బ్లీచింగ్ బస్తా తెచ్చి వీధి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతున్నాడు. చేపలు రెండూ అప్పటికే ప్లాస్టిక్ టబ్బులో ఉన్నాయి. టబ్బు మీద తాతగారి కండువా కప్పి ఉంది, అవి ఎగిరిపడకుండా. నాన్నగారు ట్యాంకు పంపు ఆపుతున్నారు. బస్తా మూతి విప్పే ఉంది, ఘాటు మధ్యగది దాకా వస్తోంది.

తాతగారు నన్ను చూశారు. బకెట్టు చూశారు. పడక్కుర్చీ మీద చెయ్యి ఆనించి లేచి, మెల్లగా నేనున్న గుమ్మం దాకా వచ్చారు. బకెట్టు అందుకోవడానికేమో అనుకుని నేను కొంచెం పైకెత్తాను. నీళ్ళు ఆయన పాదాల మీద ఒలికాయి.

"తాతగారండీ, ఆ ముందు రాయి ఒక్కటీ ఇచ్చెయ్యండి. ఇందులో పెట్టుకుంటాను."

ఆయన వంగి బకెట్టులోకి చూశారు. అడుగున బకెట్టు కంపెనీ గుర్తు కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"తేటగా ఉన్నాయి," అన్నారు. అని తలుపు రెక్క మీద చెయ్యి వేశారు. "ఈ ఘాటు నీకు పడదు తల్లీ. లోపలికెళ్ళు."

తలుపు వేసేశారు.